పుట్టినకాడ్నుంచి

మా అమ్మ తిట్లలో చాలావాటికి మొదలు ఒకటే. "పుట్టినకాడ్నుంచి ఇంతే." పాలు పొంగిపోతే నాకు పుట్టినకాడ్నుంచి పరధ్యానమే. కూరలో ఉప్పు తగ్గితే పుట్టినకాడ్నుంచి నా చెయ్యి చప్పిడే. వీధిలో చెప్పులు టపటపలాడించుకుంటూ నడిస్తే, "పుట్టినకాడ్నుంచి కాళ్లీడ్చుకుంటానే నడుస్తది ఇది" అనేది. మా పల్నాడులో ఈ మాటకు అర్థం ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. తిట్టుకు ముందు వేసే దరువు అది. పుట్టుకతో దానికి ఏ సంబంధమూ లేదు.

ఆ మాటను ఒకరు ఇంగ్లీషులో రాసుకున్నారు. నా ఎడమ పాదం దాంతోటే పోయింది. పాదం ఉండటానికి ఉంది. చూస్తే కుడిదానికి జతలాగే ఉంటుంది. పైకి మాత్రం లేవదు. ఇప్పుడు నడుము నొప్పి తగ్గి, కుర్చీలో కూర్చుని రాయగలుగుతున్నాను కాబట్టి ఇదంతా రాస్తున్నాను. రాస్తే నా మనసు కాస్త కుదురుతుందని కొంత. బీరువాలో ఇన్సూరెన్సు కార్డు ఉందని ధైర్యంగా నిద్రపోతున్నవాళ్లకు ఉపయోగపడుతుందని కొంత.

నా పేరు సుగుణ. మాచర్లలో ఒక బట్టల కొట్టులో చీరలు చూపించే పని చేసేదాన్ని. ఇంట్లో ముగ్గురం: నేను, మా ఆయన దేవదానం, మా నాన్న పోయాక మా దగ్గరికి వచ్చిన మా అమ్మ మరియమ్మ. మా ఆయన ట్రాలీ ఆటో నడుపుతాడు, ఎక్కువగా మిరపకాయల బస్తాలు తోలతాడు. బడిలో నా చదువు పదో తరగతితో ఆగింది. ఆ తర్వాతి చదువంతా శాఖా గ్రంథాలయంలోనే. కొట్టులో మధ్యాహ్నం భోజనానికి వదిలినప్పుడు బాక్సులో అన్నం నాలుగు ముద్దలు తినేసి అక్కడికి పోయేదాన్ని. గుమ్మం పక్క అల్మరాతో మొదలుపెట్టి వరసగా చదువుకుంటూ పోయాను. చరిత్ర అయిపోయింది, వ్యవసాయం అయిపోయింది, ఆరోగ్యం అల్మరా రెండుసార్లు అయిపోయింది. గ్రంథాలయాధికారి సుభాషిణి మేడమ్ బయటికి ఇవ్వకూడని లావు పుస్తకాలను కూడా శనివారం ఇచ్చి సోమవారం తెమ్మనేది. ఈ సంగతి చెప్పుకోవడం నాకు ఇష్టం. మా వీధిలో ఎవరికి ఏ ఇంగ్లీషు కాగితం వచ్చినా నా దగ్గరకే తెచ్చేవాళ్లు.

ఇన్సూరెన్సు మేము కావాలని తీసుకున్నది కాదు. ఆటో కోసం బ్యాంకులో సంతకాలు పెడుతున్నప్పుడు ఇదీ పెట్టమంటే మా ఆయన పెట్టాడు. పుస్తకం ఇంటికి వచ్చాక నిఘంటువు పక్కన పెట్టుకుని, పెన్సిలుతో గీతలు కొట్టుకుంటూ చివరిదాకా చదివాను. వెన్నుపూస జబ్బులకు మొదటి రెండేళ్లు ఏమీ ఇవ్వరని అందులో ఉంది. మాకు జబ్బులు లేవు కదా, రెండేళ్లూ కట్టుకుంటూ పోదాం అనుకున్నాం. కట్టాం. జబ్బు మూడో ఏట వచ్చింది. మనం అదృష్టవంతులం అని మా ఆయనతో నేనే అన్నాను.

*జనవరి*

మొదట నడుములో నొప్పి. తర్వాత అది తుంటిలోకి దిగి, పిక్క మీదుగా మడమ దాకా పాకింది. ఇది తుంటినరం నొప్పి అని పుస్తకంలో చదివి ఉన్నాను కాబట్టి పెద్దగా భయపడలేదు. వీధి చివర డాక్టరు సూదులు వేశాడు. వేసిన రోజు బాగుండేది.

ఒకరోజు పొద్దున కొట్టుకు పోతూ ఉంటే వెనక నుంచి పూలమ్మే కోటమ్మ పిన్ని కేకేసింది.

"ఏందే సుగుణా, ఒక చెప్పు ఈడ వదిలేసి పోతన్నావు. కొత్తవి కొనిపిచ్చుకోవటానికా?"

వెనక్కి తిరిగి చూస్తే నా ఎడమ చెప్పు రోడ్డు మధ్యలో ఉంది. కాలికి మట్టి తగులుతున్నట్టు కూడా తెలియలేదు. పిన్ని నవ్వుతూ తెచ్చి ఇచ్చింది. నేనూ నవ్వాను. చెప్పులో కాలు పెట్టి బొటనవేలు బిగిద్దామంటే వేలు మాట వినలేదు.

ఆ సాయంత్రం మంచం మీద కాళ్లు చాపుకుని రెండు బొటనవేళ్లూ పైకెత్తి చూసుకున్నాను. కుడివేలు టక్కున నిలబడింది. ఎడమది ఆలోచించుకుని, సగం లేచి, వణికి, పడిపోయింది. ఆ రోజు నుంచి ఆపరేషను అయ్యేదాకా నా ప్రాణమంతా ఆ వేలి మీదే ఉంది.

సూదులతో ఇంకొన్నాళ్లు నెట్టుకొచ్చాక నరసరావుపేట తీసుకుపోయారు. అక్కడి డాక్టరు స్కానింగు ఫిల్ము వెలుగుకు పెట్టి చూసి, నా పాదాన్ని చేత్తో పట్టుకుని, "ఎత్తమ్మా, నా చెయ్యి నెట్టు" అన్నాడు. నెట్టాను. ఆయన ముఖంలో ఏమీ కనిపించనివ్వలేదు.

"పూసల మధ్య మెత్తటి బిళ్ల జారి నరాన్ని నొక్కేస్తోంది. ఎల్లుండి చేసేద్దాం. వేలు కొంచెం లేస్తోంది కదా, అది లేస్తున్నప్పుడే చెయ్యాలి. నరం చచ్చిపోయాక నేను చేసేదేం ఉండదు."

మా ఆయన జేబులోంచి కార్డు తీశాడు. బయట బల్ల దగ్గర అతను దాన్ని తిప్పి చూసి, ఆ కంపెనీకి తమ ఆసుపత్రితో ఒప్పందం లేదన్నాడు. డబ్బు కట్టి చేయించుకుని తర్వాత కంపెనీని అడగవచ్చట. చేతిలో లేనిది కట్టేదెట్లా? ఆటో అప్పు తీరలేదు, నా మెడలో గొలుసు అప్పటికే బ్యాంకులో ఉంది. ఒప్పందం ఉన్న ఆసుపత్రి గుంటూరులో ఉందని పాలసీ పుస్తకంలో చూసి నేనే చెప్పాను. ఆ డాక్టరు చీటీ రాసిస్తూ, "ఎక్కడైనా సరే, ఆలస్యం చేయొద్దు" అని ఆ మాట కింద రెండు గీతలు కొట్టాడు.

*శ్రమల కాలం*

మా చర్చిలో ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస దినాలను శ్రమల కాలం అంటాం. అవి మొదలైన వారంలోనే గుంటూరు పోయాం. రైలు మాచర్లలోనే బయలుదేరుతుంది కాబట్టి ఖాళీగా ఉంటుంది. ఒక బల్ల మొత్తం నాకు వదిలి, మా ఆయన నా కాళ్ల దగ్గర కింద కూర్చున్నాడు. కిటికీలోంచి మిరప కళ్లాలు ఎర్రగా కనిపిస్తూ పోయాయి. అమ్మ నా తల ఒళ్లో పెట్టుకుని లోపల్లోపల ప్రార్థన చేసుకుంటూ వచ్చింది.

ఆసుపత్రిలో నన్ను ఎక్స్‌రేకు తోసుకుపోయారు. మా ఆయన ఆధార్ నకళ్లు తీయించడానికి కిందికి పోయాడు. ఆ కాసేపట్లో డ్యూటీ డాక్టరమ్మ నా మంచం దగ్గరకు వచ్చింది. చిన్న పిల్ల, పట్నం తెలుగు. మంచం దగ్గర మా అమ్మ ఒక్కతే ఉంది. అప్పుడు జరిగింది నాకు అమ్మ చెబితేనే తెలిసింది.

"కాలు ఈడుస్తూ నడుస్తున్నారు కదా, ఎప్పటి నుంచి?" అని అడిగిందట.

"అదా, అది పుట్టినకాడ్నుంచి అంతేనమ్మా. ఎన్నిసార్లు చెప్పినా ఇనదు" అందట మా అమ్మ.

డాక్టరమ్మ మొదటి వాక్యం రాసుకుంది.

అమ్మ అబద్ధం ఆడలేదు. భయం వేసినప్పుడు మా అమ్మకు తిట్టు తప్ప వేరే భాష రాదు. కూతురు మంచాన పడితే ఏడవటానికి బదులు కూతురి నడకను తిట్టింది. ఆ పిల్లదీ తప్పు కాదు. అడిగిన ప్రశ్నకు వచ్చిన జవాబు రాసింది. ఇది ఎన్నిసార్లు నాలో నేను అనుకున్నా ఆగే చోటు దొరకదు.

ఇది చదివేవాళ్లు ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఎప్పటి నుంచి అని ఆసుపత్రిలో అడిగితే రోగిని మాత్రమే చెప్పనివ్వండి. నెల చెప్పండి, వారం చెప్పండి. రాసింది చదివి వినిపించమనండి. ఎప్పట్నుంచో, ఏళ్ల తరబడి, చిన్నప్పట్నుంచి లాంటి మాటలు ఇంటి గుమ్మంలోనే వదిలి పోండి.

పెద్ద డాక్టరు రెండో రోజుకు ఆపరేషను పెట్టుకున్నాడు. కంపెనీ అనుమతి వస్తే చాలన్నారు. ఇన్సూరెన్సు బల్ల దగ్గర లావణ్య అనే అమ్మాయి ఉండేది. పోయినప్పుడల్లా "వచ్చేస్తుందమ్మా, మధ్యాహ్నానికల్లా వచ్చేస్తుంది" అనేది. ఆ బల్ల ముందు ఇనుప కుర్చీల్లో ఎప్పుడూ జనమే. నా పక్కన ఈపూరు నుంచి వచ్చిన రమణమ్మక్క కూర్చునేది. భర్త మూత్రపిండంలో రాళ్ల కోసం వచ్చింది. నా చేతిలో పాలసీ పుస్తకం చూసింది.

"ఏందమ్మా, అంత భక్తిగా చదువుతన్నావు. బైబిలా?"

"పాలసీ పుస్తకం అక్కా."

"అందులో మంచి మాటేమన్నా ఉందా?"

"ఉంది. దాని కింద చిన్నక్షరాల్లో కాదని ఉంది."

ఆమె పకపకా నవ్వి, కారప్పొడి కలిపిన అన్నం నా చేతిలో పెట్టింది. ఆసుపత్రి మొత్తంలో నా కడుపుకు సయించిన తిండి అదొక్కటే. మా ఆయనకూ అమ్మకూ కూడా రోజూ కొంచెం ఉంచేది. వాళ్ల పెద్దాయనకు మాత్రం అనుమతి త్వరగానే వచ్చింది. పోతూ పోతూ, నా అనుమతి రాకుండా తనది వచ్చినందుకు తప్పు చేసినదానిలా తలదించుకుని పోయింది.

మాకు అనుమతి రాలేదు, ప్రశ్న వచ్చింది. లావణ్య కంప్యూటరు తెర మా వైపు తిప్పి చూపించింది. రోగికి ఈ లోపం పుట్టుకతో ఉన్నట్టు ఆసుపత్రి కాగితంలో ఉంది, పుట్టుకతో వచ్చిన లోపాలు పాలసీలోకి రావు, వివరణ ఇవ్వండి. ఆ ఇంగ్లీషు నాకు ఒక్క చదువులోనే అర్థమైంది. అర్థం కాకపోయి ఉంటే ఇంకో నిమిషం హాయిగా ఉండేదాన్ని.

"పుట్టుకతో ఏందమ్మా, ఈమె మొన్నటిదాకా కొట్టులో నిలబడి పనిచేసింది" అన్నాడు మా ఆయన.

డాక్టరమ్మను పిలిపించారు. ఆ పిల్ల కాగితం చూసి, "ఆంటీయే చెప్పారు కదా" అంది.

అందరం అమ్మ వైపు తిరిగాం. అమ్మకు ముందు ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీ అంచు పట్టుకుంది.

"నేనేమన్నానమ్మా? ఏదో తిట్టుకున్నా. కన్నకూతుర్ని తిట్టుకున్న తిట్టు గూడా కాయితం మీద పెడతారా?"

డాక్టరమ్మకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పటికప్పుడు, తను రోగి తల్లి మాటను పొరపాటుగా అర్థం చేసుకున్నానని, కాలి బలహీనత కొద్ది వారాల నుంచేనని రాసి సంతకం పెట్టింది. పెద్ద డాక్టరు కూడా సంతకం పెట్టాడు. ఆయన నా వేలు ఎత్తించి చూశాడు. ఇప్పుడది సగం కూడా లేవడం లేదు, చర్మం కింద ఏదో కదిలినట్టు కనిపిస్తుంది, అంతే.

ఆ సాయంత్రం మెట్ల దగ్గర మా ఆయన అమ్మను అనరాని మాట ఒకటి అన్నాడు. పదిహేనేళ్లుగా ఆమెను అత్తా అని తప్ప ఇంకో మాట పిలవని మనిషి. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పటి నుంచి ఆసుపత్రుల్లో ఆ కొంగు తీయలేదు. ఎవరు ఏం అడిగినా, చివరికి నీ పేరేందమ్మా అని అడిగినా, నా వైపు చూపించేది.

*మట్టల ఆదివారం దాకా*

అనుమతి రాకుండా మంచం ఖాళీగా ఉంచలేమని ఇంటికి పంపారు. వచ్చిన వెంటనే ఫోను చేస్తామన్నారు. ప్రభుత్వాసుపత్రికి పోదామా అని మా ఆయన అప్పుడే అన్నాడు. రేపో మాపో వచ్చేస్తుందని లావణ్య చెబుతూ ఉంది, పెద్ద డాక్టరు నా ఫిల్ములు చూసి ఉన్నాడు, మళ్లీ మొదటి నుంచి ఎక్కడ మొదలుపెడతాం అని ఆగాం. కాదని ఉంటే ఆ రోజే కదిలేవాళ్లం. కాదనలేదు. పరిశీలనలో ఉంది అన్నారు. ఆ మాట మమ్మల్ని కుర్చీకి కట్టేసింది.

నేనే కంపెనీకి ఫోను చేశాను. పాట వినిపించింది, అంకెలు నొక్కమంది, ఆఖరికి ఒక అబ్బాయి తెలుగులో మాట్లాడాడు.

"మేడమ్, పుట్టుకతో ఉన్న లోపాలు మీ పాలసీలో కవర్ కావు."

"నాకు పుట్టుకతో లేదండి."

"ఆసుపత్రి రికార్డులో ఉంది మేడమ్."

"అది మా అమ్మ తిట్టండి."

అవతల ఏదో టైపు కొడుతున్న చప్పుడు వినిపించింది.

"అర్థం కాలేదు మేడమ్."

"మా వైపు అట్లా తిడతారు. పుట్టినప్పటి నుంచి అంటే పుట్టినప్పటి నుంచి అని కాదు."

"దానికి సపోర్టింగ్ డాక్యుమెంట్ ఏదైనా ఉందా మేడమ్?"

ఎగతాళి చేయలేదు ఆ అబ్బాయి. నిజంగానే అడిగాడు. ప్రశ్న వచ్చాక చేసిన దిద్దుబాటు చెల్లదట, దానికి ముందునాటి వైద్య రికార్డులు కావాలట. చిన్నప్పటి నుంచి నా కాళ్లు బాగున్నట్టు ఏ డాక్టరు అయినా రాసిన కాగితం. కాళ్లు బాగున్నవాళ్లు కాళ్లు చూపించుకోవడానికి డాక్టరు దగ్గరకు ఎందుకు పోతారని అడిగాను. నా విలువైన సమయానికి కృతజ్ఞతలు చెప్పాడు.

ఇల్లంతా వెతికాం. నా పెళ్లికి ముందటి ఆసుపత్రి చీటీ ఒక్కటీ లేదు. అటక మీద నుంచి అమ్మ ఒక స్టీలు టిఫిను గిన్నె దించింది. తొమ్మిదో తరగతిలో పరుగుపందెంలో మొదటి బహుమతి. మూత మీద చుక్కలు చుక్కలుగా నా పేరు, పరుగు ప్రథమ అని చెక్కి ఉంది. అమ్మ దాన్ని చింతపండుతో తోమి, తుడిచి, నా ముందు పెట్టి పోయింది. ఫోటో తీసి లావణ్యకు పంపితే ఆమె నవ్వింది. తర్వాత, "ఉండనీ అమ్మా, పంపుతా" అని నిజంగానే కంపెనీకి పంపింది.

ఇంకొకటి గుర్తొచ్చింది. మా పెళ్లి సీడీ. చర్చిలో నడిచి వచ్చిన పెళ్లికూతురి కాళ్లు అందులో ఉంటాయి కదా. సీడీ పెట్టే యంత్రం ఇప్పుడు ఎవరిళ్లలోనూ లేదు. సుభాషిణి మేడమ్ గ్రంథాలయంలో పాత కంప్యూటరుకు ఉందని చెప్పింది. మధ్యాహ్నం పత్రికలు చదివేవాళ్లు పోయాక మమ్మల్ని రమ్మంది. నా ఎడమకాలు ఈడ్చుకుంటూ, మా ఆయన భుజం పట్టుకుని, నేను ఇన్నేళ్లు నడిచిన గుమ్మమే ఎక్కాను.

బొమ్మ వచ్చింది. తెల్లచీర, తల మీద ముసుగు, చేతిలో పూలు. వీడియోవాడు అందరి ముఖాలూ తీశాడు, దండలు తీశాడు, కేకు తీశాడు. నా కాళ్ల మీద చీర కుచ్చిళ్లు. చర్చిలోంచి బయటికి వచ్చేటప్పుడు మాత్రం మెట్లు దిగుతూ చీర కొంచెం ఎత్తాను. రెండు పాదాలూ కనిపించాయి. ఎడమ పాదం ముందు పడింది, మడమ ఆనింది, వేళ్లు ఆనాయి, లేచింది. ఎంత మామూలుగా లేచిందంటే దాని గురించి ఆ పెళ్లికూతురికి తెలియనే తెలియదు. మేడమ్ దాన్ని ఆపి, వెనక్కి తిప్పి మళ్లీ పెట్టింది.

"ఇది చాలు సుగుణా. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?" అంది.

అప్పుడు వీడియోలో ఒక పాట అయిపోయింది. రెండో పాట మొదలయ్యే సందులో, మెట్ల పక్క నుంచి, కనిపించని ఒక మనిషి గొంతు ఖంగున వినిపించింది.

"కాళ్లీడ్చబాకే. అందరూ చూస్తన్నారు. పుట్టినకాడ్నుంచి ఇంతే ఇది."

అమ్మ నా వెనక నిలబడి ఉంది. తన గొంతు తనే విన్నది. నేను తిరిగి చూడలేదు. మా ఆయన మొదట నవ్వబోయాడు. తర్వాత బయటికి పోయి మెట్ల మీద కూర్చున్నాడు.

గొంతు తీసేసి బొమ్మ మాత్రమే పంపుదామంది మేడమ్. తనే తీసి, తనే పంపింది. వీడియోలను వైద్య ఆధారాలుగా తీసుకోబోమని జవాబు వచ్చింది. గిన్నె గురించి ఏమీ రాయలేదు. ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారం నాడు మా వీధివాళ్లంతా ఈత మట్టలు పట్టుకుని పాటలు పాడుకుంటూ మా ఇంటి ముందు నుంచి పోతూ ఉంటే నేను మంచం మీద పడుకుని వింటూ ఉన్నాను. ఊరేగింపులో అమ్మ కూడా ఉంది. మిగతా ఆడవాళ్లు పాడుతున్నారు, ఆమె మాత్రం కొంగు నోటికి పెట్టుకుని నడుస్తోంది. ఆ రోజు వేలు ఎత్తి చూశాను. చర్మం కింద కూడా ఏమీ కదల్లేదు. ఎవరికీ చెప్పలేదు.

ఆ వారంలోనే ఫోనుకు సందేశం వచ్చింది. మీ అభ్యర్థన తిరస్కరించబడింది, త్వరగా కోలుకోవాలని కోరుకుంటున్నాం.

*ఎండలు*

ప్రభుత్వాసుపత్రిలో నన్ను చేర్చుకున్నారు. వరండాలో చాప మీద ఉన్నవాళ్లు సైతం జరిగి నా కాలికి చోటిచ్చారు. అక్కడి డాక్టరు నా కాగితాల కట్ట మొదటి నుంచి చివరిదాకా నిలబడే చదివాడు. నరసరావుపేట చీటీలో రెండు గీతల దగ్గర కొంచెంసేపు ఆగాడు.

"వేలు ఎప్పుడు ఆగింది?"

"మట్టల ఆదివారం అండీ."

"మీరేం చదువుకున్నారు?"

"పదో తరగతి. మిగతాది లైబ్రరీ."

"అయితే మీకు దాచి చెప్పను. నొప్పి పోతుంది. ఒంటికి రెంటికి ఇబ్బంది రాకుండా కాపాడతాను. పాదం సంగతి మాత్రం..." అని చెయ్యి ఇటూ అటూ ఆడించాడు.

ఆయన చెప్పినట్టే జరిగింది. నొప్పి పోయింది. ఆపరేషను అయి తెలివి వచ్చాక మొదట చేసిన పని బొటనవేలికి చెప్పి చూడటం. చెప్పాను. దుప్పటి కదల్లేదు. ఆరోగ్యం అల్మరాలో చదివిన పుస్తకాలన్నీ గుర్తొచ్చాయి. నరం రోజుకు ఎంత నెమ్మదిగా పెరుగుతుందో, ఎప్పుడు పెరగదో, అన్నీ తెలుసు నాకు. తెలియనివాళ్లయితే నెలల తరబడి ఎదురుచూసి ఉండేవాళ్లు. నాకు ఆ ఎదురుచూపు కూడా లేకుండా పోయింది.

మా ఆయన ఆ రోజు నా పాదాన్ని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు పిసుకుతూ కూర్చున్నాడు. "ఏమే, తగులుతందా?" అనేవాడు. తగులుతోందని చెప్పాను.

*వానలు*

ఇప్పుడు పాదం వేలాడకుండా పిక్క వెనక నుంచి అరికాలు కింద దాకా ఒక ప్లాస్టిక్ పట్టీ పెట్టుకుని, దాని మీద బూటు వేసుకుంటాను. చీరల కొట్టులో పరుపు మీదికి ఎక్కి దిగడం కుదరదు. షావుకారు గారు మంచివారే. గల్లా పెట్టె పక్కన కుర్చీ వేయించి బిల్లులు రాయమన్నారు. కొన్నాళ్లు రాశాను. పండగ రద్దీకి చీరలు చూపించే మనిషి కావాలి కదా, ఇంకొకమ్మాయిని పెట్టుకున్నారు. నన్ను మానేయమని అనలేదు. నేనే మానేశాను.

కంపెనీ మీద ఫిర్యాదు పంపాను. ఎనిమిది పేజీలు, నా సొంత ఇంగ్లీషులో. సుభాషిణి మేడమ్ చదివి ఒక్క తప్పూ లేదంది. అందినట్టు జవాబు వచ్చింది. అది కూడా పరిశీలనలో ఉంది.

పాలసీ మళ్లీ కట్టమని సందేశం వచ్చినప్పుడు మా ఆయన ఫోను నా ముందు పెట్టి, "దీన్నేం చెయ్యమంటావు?" అన్నాడు. కోపంగా అనలేదు, అలసటగా అన్నాడు. ఇప్పుడు ఆపేస్తే మళ్లీ మొదటి నుంచి అన్ని గడువులూ లెక్కకు వస్తాయి. రేపు ఆయనకే ఏదన్నా వస్తే? ఇదంతా నేను చదివి ఉన్నాను. కట్టమన్నాను. కట్టాడు.

చర్చికి పోయేటప్పుడు నా బూటు నేల మీద గీసుకుంటుంది. ఎంత జాగ్రత్తగా మోకాలు ఎత్తినా, అలసిపోయాక గీసుకుంటుంది. అమ్మ నాలుగడుగులు ముందు నడుస్తూ ఉంటుంది. ఆ చప్పుడు వినపడగానే ఆమె మెడ బిగుసుకుంటుంది. తిరిగి చూడదు. ఇంట్లో పాలు పొంగినా ఏమీ అనదు. ఒకరోజు కావాలనే ఉప్పు లేకుండా పప్పు వండి పెట్టాను. తినేసి, కంచం కడుక్కుని లేచింది.

మొన్న కాలికి కసరత్తులు చేయించే చోటుకు మొదటిసారి పోయాం. అక్కడ కొత్తగా చేరిన అమ్మాయి పేరూ వయసూ రాసుకుంది. నా బూటు విప్పింది, పట్టీ తీసింది, పాదం చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఎప్పటి నుంచి ఇలా?" అంది.

నెలా వారమూ నా నోట్లో సిద్ధంగా ఉన్నాయి. అవి బయటికి వచ్చేలోపు పక్కన బెంచీ మీద అమ్మ లేచి నిలబడింది. నోటి మీద కొంగు తీసేసింది.

"మొన్న జనవరి నుంచమ్మా. దానికి ముందు నా బిడ్డ చానా చక్కగా నడిచేది. బళ్లో పరిగెత్తితే దీన్ని పట్టుకున్నోళ్లు లేరు. పెళ్లిలో మెట్లు దిగతంటే చూడాల్సింది. కాళ్లీడ్చలా. ఎప్పుడూ ఈడ్చలా. రాసుకో తల్లీ."

నా నడక బాగుందని మా అమ్మ అనగా వినటం నా బతుకులో అదే మొదలు.

ఆ అమ్మాయి, "సరేనండీ" అని, కలం జేబుకు పెట్టుకుని, గుమ్మం వైపు తిరిగి తర్వాతివాళ్ల పేరు పిలిచింది. అమ్మ ఇంకా నిలబడే ఉంది, ఆమె రాసుకునేదాకా కూర్చోకూడదన్నట్టు.